మికోమోటో దీవి లైట్‌హౌస్: బోడిరాతి మీద కట్టిన గోపురం 150 ఏళ్ళకు పైగా ఎలా నిలిచింది?

యొకోహామాలో ఉద్యోగం చేస్తున్న మీరు అడిగిన ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను. ఇజు ద్వీపకల్పం కొసన, షిమోదా రేవుకు దక్షిణంగా సముద్రంలో మికోమోటో అనే చిన్న రాతి దీవి ఉందనీ, దాని మీద 1871 నాటి రాతి లైట్‌హౌస్ నేటికీ వెలుగుతోందనీ మీరు చదివారు. మనుషులు నివసించని ఆ రాతి మీద అంత శ్రమపడి ఎందుకు కట్టారు, భూకంపాల దేశంలో రాతి కట్టడం ఇన్నేళ్ళు ఎలా నిలిచింది, జపాన్‌లో పని చేస్తున్నవాటిలో ఇదే పాతది అన్న మాట నిజమేనా, జీపీఎస్ వచ్చాక దానితో పనేముంది, వెళ్ళి చూడవచ్చా అని అడిగారు.

నేను విశాఖపట్నం నుంచి వాణిజ్య నౌకల్లోకి వెళ్ళి, డెక్ ఆఫీసరుగా మొదలై కెప్టెన్‌గా పదవీ విరమణ చేసినవాణ్ణి. విశాఖ ఔటర్ హార్బర్ నుంచి ఇనుప ఖనిజం తీసుకొని టోక్యో అఖాతానికి వెళ్ళిన ఓడల్లో పనిచేసినందువల్ల మికోమోటో దీపాన్ని బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీద నుంచి చూసి, బేరింగ్ (అది ఏ దిక్కున ఉందో తెలిపే కోణం) తీసుకొని, చార్ట్ మీద గీత గీసిన అనుభవం నాకు ఉంది. ఓడ నడిపేవారి వైపు నుంచి చెప్పగలిగినది, ఆ దీపస్తంభాల చరిత్రను ఇష్టంగా చదివి తెలుసుకొన్నది కలిపి రాస్తున్నాను.

సూటిగా సమాధానం: పడమటి నుంచి టోక్యో అఖాతానికి వెళ్ళే ప్రతి ఓడా ఈశాన్యానికి మళ్ళవలసిన మలుపు అక్కడే ఉంది, ఆ మలుపులో మొట్టమొదటి ప్రమాదం కూడా ఆ రాయే. అందుకే దీపాన్ని ఒడ్డు మీద కాకుండా నేరుగా ఆ రాతి మీదే పెట్టారు. దగ్గరలోనే మంచి రాయి, దాన్ని చెక్కగలిగిన పనివారు ఉన్నందువల్ల రాతితో కట్టారు. గట్టి రాతి పునాది, తక్కువ ఎత్తు, కింద వెడల్పుగా పైకి సన్నగా ఉండే ఆకారం, 1923 నాటి మహా భూకంపానికి కొంత దూరంగా ఉండటం, ఇవన్నీ కలిసి దాన్ని కాపాడాయి. పాతది అన్న మాట నిజమే, అయితే ఆ మాటను కొంచెం జాగ్రత్తగా చెప్పుకోవాలి. ఈ రోజుకీ దానితో పని ఉంది. దూరం నుంచి చూడటం సులభం, దీవి మీదికి చేరడం కష్టం.

మొదట స్థలం గురించి చెప్పాలి, ఎందుకంటే మిగిలిన సమాధానాలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. మికోమోటో షిమోదా రేవుకు దక్షిణంగా సుమారు 11 కిలోమీటర్ల దూరంలో ఉంది. దీవి అన్న మాట వినగానే చెట్లు, ఇసుక, నాలుగు ఇళ్ళు మనసులోకి వస్తాయి. ఇక్కడ అవేవీ లేవు. కొన్ని వందల మీటర్ల పొడవున్న అగ్నిపర్వత శిల సముద్రంలోంచి పైకి లేచి ఉంటుంది, అంతే. మన తీరం నుంచి బయలుదేరిన ఓడ మలక్కా జలసంధి, సింగపూర్, దక్షిణ చైనా సముద్రం దాటి జపాన్ దక్షిణ తీరం వెంట వెళుతుంది. కీ ద్వీపకల్పం కొసన ఉన్న షియోనోమిసాకి దాటాక తూర్పు-ఈశాన్యంగా సుమారు 170 నాటికల్ మైళ్ళు (ఒక నాటికల్ మైలు అంటే సుమారు 1.85 కిలోమీటర్లు; ఇక మీద మైళ్ళంటే ఇవే) ప్రయాణిస్తే మికోమోటో వస్తుంది. అక్కడ ఇంకాస్త ఎడమకు తిరిగి, ఇజు ఓషిమా దీవి పక్కగా టోక్యో అఖాతపు ముఖద్వారమైన ఉరగా జలమార్గం వైపు సాగాలి. షియోనోమిసాకి దాటిన తరువాత తీరం చాలా దూరం లోపలికి తగ్గిపోతుంది కాబట్టి ఆ 170 మైళ్ళలో ఓడ తన స్థానాన్ని కంటితో సరిచూసుకొనే అవకాశాలు తక్కువ.

దానికి తోడు కురోషియో ప్రవాహం ఒకటి ఉంది. దక్షిణం నుంచి వచ్చే ఈ వెచ్చని నీటి ప్రవాహం గంటకు రెండు నుంచి నాలుగు నాటికల్ మైళ్ళ వేగంతో ఈశాన్యంగా సాగుతుంది, దాని దారి కూడా ఒక్క తీరుగా ఉండదు. ఒక ఏడు తీరానికి దగ్గరగా, మరో ఏడు బాగా దూరంగా వంపు తిరిగి వెళుతుంది. తెరచాపల కాలంలో, తొలినాటి ఆవిరి ఓడల కాలంలో రాత్రంతా ఈ ప్రవాహంలో వచ్చిన కెప్టెన్‌కు తెల్లవారే సరికి తాను లెక్క వేసుకొన్న చోటుకు ఎన్నో మైళ్ళు ముందో, పక్కనో ఉన్నానని తెలిసే ప్రమాదం ఉండేది. అటువంటివానికి చీకట్లో మొదట ఎదురయ్యేది మికోమోటో రాయి.

ఇక్కడ మీరు న్యాయంగానే ఒక సందేహం అడగవచ్చు: దీపాన్ని ప్రధాన భూభాగం కొస అయిన ఇరోజాకి మీద పెట్టి ఉంటే కట్టడం ఎంతో సులభమయ్యేది కదా? ఇరోజాకి మీద కూడా అదే 1871లో ఒక దీపం పెట్టారు. కానీ అది ఒక్కటే ఉంటే చాలదు. ఇరోజాకి నుంచి మికోమోటో తూర్పు-ఆగ్నేయంగా సుమారు పది కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒడ్డు దీపాన్ని చూసి, దానికి ఐదు మైళ్ళు ఎడంగా పోతే క్షేమమని నమ్మిన ఓడ నేరుగా ఈ రాతి మీదికే వస్తుంది. ప్రమాదం ఎక్కడ ఉందో దీపం అక్కడే ఉండాలన్నది మా వృత్తిలో పాత సూత్రం. రాతికీ ఒడ్డుకూ మధ్య కూడా బండలు ఉన్నాయి కాబట్టి పెద్ద ఓడలు దీపానికి దక్షిణంగానే, తగినంత దూరం ఉంచుకొని వెళతాయి.

ఇక చరిత్ర. 1866లో అప్పటికి జపాన్‌ను ఏలుతున్న తోకుగావా ప్రభుత్వం బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికా, నెదర్లాండ్స్ దేశాలతో సుంకాల ఒప్పందం కుదుర్చుకొంది. విదేశీ ఓడలకు తెరిచిన రేవుల దగ్గర దీపాలు, బోయాలు (నీటి మీద తేలే గుర్తులు) ఏర్పాటు చేయాలన్న షరతు ఆ ఒప్పందంలోనే ఉంది. దాని ఫలితంగా ఎనిమిది లైట్‌హౌస్‌లను నిర్ణయించారు: కన్నొన్‌జాకి, నోజిమాజాకి, త్సురుగిసాకి, మికోమోటో, కాషినోజాకి, షియోనోమిసాకి, సాతామిసాకి, నాగసాకి ముందున్న ఇయోజిమా. ఈలోగా 1868లో ఆ ప్రభుత్వమే పడిపోయింది, కొత్తగా వచ్చిన మెయిజీ ప్రభుత్వం ఆ బాధ్యతను తలకెత్తుకొంది. కన్నొన్‌జాకి, నోజిమాజాకి గోపురాలను యొకోసుకా నౌకా నిర్మాణశాలలో ఉన్న ఫ్రెంచి ఇంజనీరు లియోన్స్ వెర్నీ బృందం కట్టింది. మిగిలిన పని రిచర్డ్ హెన్రీ బ్రంటన్ చేతికి వచ్చింది.

బ్రంటన్ స్కాట్లండ్‌వాడు, 1841లో పుట్టాడు. చదివింది, పనిచేసింది రైల్వే ఇంజనీరింగ్‌లో. స్కాట్లండ్ తీరపు లైట్‌హౌస్‌లకు ఇంజనీర్లుగా పేరుపొందిన స్టీవెన్సన్ సోదరులు డేవిడ్, థామస్‌లు ఆయనను ఎంపిక చేసి, కొన్ని నెలలు తమ దగ్గర శిక్షణ ఇచ్చి జపాన్‌కు పంపారు. 1868 ఆగస్టులో యొకోహామాలో దిగేనాటికి ఆయనకు ఇరవై ఆరేళ్ళు. 1876లో తిరిగి వెళ్ళేలోగా జపాన్ తీరమంతా ఇరవైకి పైగా లైట్‌హౌస్‌లు కట్టాడు. మీరు ఉంటున్న యొకోహామాలో తొలినాటి వీధులు, మురుగు కాలువలు, యొషిదా ఇనుప వంతెన పనుల్లోనూ ఆయన చేయి ఉంది. యొకోహామా పార్కు దగ్గర ఆయన విగ్రహం ఉంది, ఒక సాయంత్రం వెళ్ళి చూడండి.

మికోమోటో పని 1869లో మొదలైంది. రాయిని షిమోదా దగ్గరి ఎబిసుజిమా నుంచి కొట్టి తెచ్చారు. ఇజు ప్రాంతపు రాయికీ, రాతిపనివారికీ అప్పటికే రెండు శతాబ్దాలకు పైబడిన పేరు ఉంది. ఎదో నగరపు (నేటి టోక్యో) కోట గోడలకు రాయి వెళ్ళింది ఇజు తీరం నుంచే. లైట్‌హౌస్ చరిత్రలు చెప్పేవారు బ్రంటన్ పేరుతోనే మొదలుపెట్టి ఆయన పేరుతోనే ముగిస్తారు. నా దృష్టిలో అది పూర్తి న్యాయం కాదు. కొలతలు, నమూనా, దీపపు సామగ్రి ఆయనవి. అయితే ఒడ్డున రాయి కొట్టి, పడవల మీద పదకొండు కిలోమీటర్లు సముద్రం దాటించి, రేవన్నది లేని రాతి గట్టున అలల మధ్య దించి, ఒకదాని మీద ఒకటి పేర్చినవారు ఇజు పనివారు. చిన్న దీవుల దగ్గర ఓడ ఆపిన ఎవరికైనా ఇది అర్థమవుతుంది: దిగువ కనిపించే అల ఒక మీటరే అయినా, పడవ రాతికి ఆనించే సమయానికి అది మనిషిని నలిపివేయగలదు. నెలల తరబడి ప్రతి రాయినీ, ప్రతి సున్నపు బస్తానూ, తాగే నీటినీ ఆ విధంగానే చేర్చవలసి వచ్చింది. ఆ పనివారి పేర్లు ఏ ఫలకం మీదనైనా ఉండి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది.

గోపురం ఎత్తు సుమారు 23 మీటర్లు. దీవి ఎత్తు కలుపుకొంటే దీపం సముద్ర మట్టానికి సుమారు 50 మీటర్ల ఎత్తులో ఉంటుంది. గోపురాన్ని ఇంకా ఎత్తుగా ఎందుకు కట్టలేదన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల దీపం ఎంత దూరం కనబడుతుందో లెక్కించడానికి మేము ఒక సూత్రం వాడతాము: దీపం ఎత్తు వర్గమూలాన్ని, చూసేవారి కంటి ఎత్తు వర్గమూలాన్ని కలిపి 2.08తో గుణించాలి. ఎత్తులు మీటర్లలో ఇస్తే జవాబు నాటికల్ మైళ్ళలో వస్తుంది. దీపం 50 మీటర్లు, చిన్న ఓడ మీద మనిషి కన్ను 5 మీటర్ల ఎత్తులో ఉందనుకొంటే, జవాబు 19.4 మైళ్ళు, అంటే సుమారు 36 కిలోమీటర్లు. పెద్ద ఖనిజ నౌక బ్రిడ్జి మీద కంటి ఎత్తు 25 మీటర్లు అనుకొంటే 25 మైళ్ళు దాటుతుంది. రాయి స్వయంగా సగానికి పైగా ఎత్తు ఇస్తున్నప్పుడు గోపురాన్ని పొట్టిగా, బలంగా కట్టుకోవచ్చు. భూకంపాల దేశంలో ఇది పెద్ద వరం.

1870లోనా, 1871లోనా అన్న అయోమయం మీకు కొన్ని పుస్తకాల్లో ఎదురవుతుంది. దీపం వెలిగించిన రోజు మెయిజీ 3వ సంవత్సరం 11వ నెల 11వ తేదీ. జపాన్ అప్పటికింకా పాత చాంద్రమాన పంచాంగాన్నే పాటించేది. మెయిజీ 3 అంటే స్థూలంగా 1870 కాబట్టి కొందరు ఆ ఏడాదే రాస్తారు. ఆ తేదీని నేటి పంచాంగంలోకి మారిస్తే 1871 జనవరి 1 అవుతుంది. జపాన్ కొత్త పంచాంగానికి మారింది 1873లో. ఈ రాతి మీది పనికి ఆనాడు ఎంత ప్రాముఖ్యం ఇచ్చారంటే, ప్రభుత్వంలో అగ్రస్థానంలో ఉన్న సాన్జో సనెతోమి, బ్రిటిష్ రాయబారి హ్యారీ పార్క్స్ స్వయంగా ఇక్కడికి వచ్చారు.

భూకంపాల సంగతి మీరు ప్రత్యేకంగా అడిగారు కాబట్టి కొంత వివరంగా చెబుతాను. జపాన్‌కు దీపాలు పంపేముందే స్టీవెన్సన్‌లు ఈ విషయం ఆలోచించారు. 1854 డిసెంబరులో వచ్చిన పెద్ద భూకంపం, సునామీ షిమోదా రేవును ధ్వంసం చేశాయి. అక్కడ లంగరు వేసి ఉన్న రష్యన్ యుద్ధనౌక డయానా ఆ దెబ్బకే చివరికి మునిగిపోయింది. కొత్త దీపం కట్టబోయేది ఆ రేవు ముందే. డేవిడ్ స్టీవెన్సన్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు: దీపాన్ని మోసే బల్లకు రెండు పలకలు పెట్టి, వాటి మధ్య గుంటల్లో లోహపు గుండ్లు అమర్చడం. నేల కదిలితే కింది పలక కదులుతుంది, పై పలక మీది దీపం నిలకడగా ఉంటుంది. నేడు ఆసుపత్రులకు, వంతెనలకు వాడుతున్న భూకంప నిరోధక బేరింగుల వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. ఆ రోజుల్లోనే దీన్ని చేసి చూపడం గొప్ప విషయమని నేను భావిస్తాను. బ్రంటన్‌కు మాత్రం ఇది నచ్చలేదు. దీపం శుభ్రం చేయడానికి మనిషి చేయి వేసినా బల్ల ఊగుతున్నదనీ, నిత్యం జరిగే పనికి అది ఆటంకమనీ ఆయన అభిప్రాయం. గోపురాన్నే బరువుగా, గట్టిగా కట్టడం మేలని ఆయన వాదించాడు.

ఇద్దరిలో ఎవరు సరి అని మికోమోటో ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పకూడదు. దీని పునాది మట్టి కాదు, ఏకశిల వంటి గట్టి రాయి. మెత్తని నేల భూకంపపు ఊపును పెంచినట్టు గట్టి రాయి పెంచదు. గోపురం పొట్టిది, గుండ్రనిది, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి బరువంతా కిందే ఉంటుంది. రోలును నేల మీద ఎంత కుదిపినా అది పక్కకు ఒరగనట్టే ఇదీ. 1930 నవంబరులో ఉత్తర ఇజు భూకంపం వచ్చింది. 1974 మే 9న వచ్చిన భూకంపమైతే ఈ దీవికి కనుచూపు మేరలోనే, ఇజు కొస దగ్గరే పుట్టింది. దాని తీవ్రత 6.9. ఎదురుగా ఉన్న మినామి-ఇజు ప్రాంతంలో కొండచరియలు విరిగిపడి ప్రాణనష్టం జరిగింది. గోపురం నిలిచే ఉంది.

అయితే బ్రంటన్ కట్టిన రాతి గోపురాలన్నీ నిలవలేదు. ఈ మాట చెప్పకుండా మికోమోటోను పొగడటం తప్పు. త్సురుగిసాకి కూడా ఆయన కట్టిన రాతి గోపురమే. 1923 సెప్టెంబరు 1 నాటి కాంతో మహా భూకంపంలో అది కూలిపోయింది. సాగామి అఖాతం పక్కనే, భూకంప కేంద్రానికి దగ్గరగా ఉండటం దాని దురదృష్టం. కాబట్టి మికోమోటో నిలవడంలో కట్టుబడి ఎంత ఉందో, స్థలం అంత ఉందని నేను అంటాను.

ఇప్పుడు "అన్నిటికన్నా పాతది" అన్న మాటను పరీక్షిద్దాం. 1866 ఒప్పందపు ఎనిమిది దీపాల గతి చూస్తే సమాధానం తానే తేలుతుంది. కన్నొన్‌జాకి 1869లో వెలిగిన మొదటి దీపం. దాని నిర్మాణం మొదలైన నవంబరు 1వ తేదీనే జపాన్ నేటికీ లైట్‌హౌస్ దినంగా జరుపుకొంటుంది. కానీ ఆ తొలి గోపురం 1922 భూకంపంలో దెబ్బతింది, దాని స్థానంలో కట్టిన రెండోది 1923లో పోయింది, ఇప్పుడున్నది 1925లో కట్టిన మూడోది. నోజిమాజాకి, త్సురుగిసాకి కూడా 1923లోనే కూలి, 1925లో తిరిగి లేచాయి. సాతామిసాకి రెండవ ప్రపంచ యుద్ధంలో ధ్వంసమైంది. ఇయోజిమా 1945లో నాగసాకి మీద పడిన అణుబాంబు ధాటికి దెబ్బతిని, తరువాత పునర్నిర్మాణం జరిగింది. షియోనోమిసాకి మొదట కర్రతో కట్టినది, 1878లో దాన్ని తీసి రాతితో కట్టారు. ఇక మిగిలినవి కాషినోజాకి, మికోమోటో. కాషినోజాకి 1870 జులైలోనే వెలిగింది, అంటే మికోమోటో కన్నా కొన్ని నెలలు పెద్దది. అయితే 1954లో దాని గోపురాన్ని ఎత్తు పెంచి మార్చారు. కట్టిననాటి గోపురం రూపంతోనే ఈనాటికీ పని చేస్తున్న రాతి లైట్‌హౌస్‌లలో అత్యంత పాతది మికోమోటో. ఇలా పూర్తిగా చెబితే ఎవరూ తప్పు పట్టలేరు. జపాన్ ప్రభుత్వం 1969లో దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. లైట్‌హౌస్‌ల అంతర్జాతీయ సంఘం 1998లో ఎంపిక చేసిన ప్రపంచ చారిత్రక లైట్‌హౌస్‌లు వందలో జపాన్‌వి ఐదు ఉంటే, వాటిలో ఇది ఒకటి.

దీపం వెలిగిందని ప్రమాదాలు ఆగిపోలేదు. 1874 మార్చిలో ఫ్రెంచి తపాలా ఓడ నీల్ హాంకాంగ్ నుంచి యొకోహామాకు వస్తూ, తుఫానులో ఇజు కొసన ఇరుమా గ్రామం ముందు రాళ్ళకు కొట్టుకొని మునిగింది. ఓడలో ఉన్నవారు దాదాపు అందరూ చనిపోయారు. 1873 వియన్నా ప్రపంచ ప్రదర్శన నుంచి జపాన్‌కు తిరిగి వస్తున్న కళాఖండాలు కూడా అందులోనే ఉన్నాయి. ఆనాటికి మికోమోటో, ఇరోజాకి దీపాలు రెండూ ఉన్నాయి. భారీ వర్షంలో ఎంతటి దీపమైనా కనిపించదు. కొత్తగా వాచ్ (బ్రిడ్జి మీద వంతు కాపలా) నేర్చుకొనే యువ ఆఫీసర్లకు నేను ఈ సంగతి చెప్పేవాణ్ణి: దీపం కనిపించవలసిన వేళకు కనిపించకపోతే, అది కూడా ఒక హెచ్చరికే. వేగం తగ్గించి, కారణం తెలిసేదాకా ముందుకు పోకూడదు.

జీపీఎస్ ఉండగా ఇంకా దీపం ఎందుకు? దీనికి నా వృత్తి నుంచి స్పష్టంగా చెప్పగలను. ఓడలో జీపీఎస్, ఎలక్ట్రానిక్ చార్ట్, రాడార్, ఏఐఎస్ (చుట్టూ ఉన్న ఓడల వివరాలు చూపే పరికరం) అన్నీ ఉన్నా, తీరం దగ్గర ఓడ స్థానాన్ని ఒకదానితో ఒకటి సంబంధం లేని కనీసం రెండు పద్ధతుల్లో సరిచూడాలన్నది మా నియమం. ఉపగ్రహ సంకేతం చెడినా, యాంటెన్నాలో లోపం వచ్చినా, తెర మీద ఓడ బొమ్మ నిబ్బరంగానే కనిపిస్తూ ఉంటుంది. కంటితో చూసిన దీపానికి తీసుకొన్న బేరింగ్ ఆ పరికరాల్లో దేని మీదా ఆధారపడదు. బేరింగ్ గీత చార్ట్ మీద ఓడ స్థానం గుండా పోతే తెర చెబుతున్నది నిజం. పోకపోతే వెంటనే వెతకాలి. పగటి వేళ అదే పనికి గోపురం రంగు ఉపయోగపడుతుంది. తెల్ల గోపురం మీద అడ్డంగా ఉన్న నల్ల పట్టీలు అలంకారం కోసం వేసినవి కావు. నేపథ్యం ఎలా ఉన్నా దీన్ని మరో కట్టడమని పొరబడకుండా గుర్తించడానికే అవి.

పైగా ఇది ఓడల రద్దీ ఎంతో ఉన్న చోటు. టోక్యో అఖాతంలోకి వెళ్ళేవి, బయటికి వచ్చేవి, చేపల పడవలు అన్నీ ఇక్కడ కలుస్తాయి. 2017 జూన్‌లో అమెరికా యుద్ధనౌక ఫిట్జ్‌జెరాల్డ్, కంటైనర్ నౌక ఏసీఎక్స్ క్రిస్టల్ అర్ధరాత్రి దాటాక ఢీకొని ఏడుగురు నావికులు మరణించింది ఈ ఇరోజాకి సముద్రంలోనే. ఇజు ఓషిమాకు పడమటగా వెళ్ళే ఓడల కోసం 2018 నుంచి సిఫారసు చేసిన మార్గం ఒకటి అమలులోకి వచ్చింది. అటు వెళ్ళే రెండు దిశల ఓడలూ ఎదురెదురు పడకుండా ఎడంగా ఉండటానికి ఇది సాయపడుతుంది. ఇటువంటి చోట ఆఫీసరు తలెత్తి కిటికీలోంచి బయటికి చూడాలి. చూడటానికి స్థిరమైన గుర్తు ఒకటి ఉండటం ఆ అలవాటును నిలబెడుతుంది. నేను కెప్టెన్‌గా ఉన్నప్పుడు, మికోమోటో దీపం కనిపించవలసిన సమయాన్ని సెకండ్ ఆఫీసర్ ముందే లెక్కకట్టి లాగ్‌లో రాయాలనీ, కనిపించాక అసలు సమయాన్ని దాని పక్కనే రాయాలనీ ఆదేశం ఉండేది. రెండింటి మధ్య తేడా చాలాసార్లు కురోషియో ఆ రోజు ఎలా ఉందో చెప్పేది.

ఒకప్పుడు ఈ రాతి మీద మనుషులు కాపురం ఉండి దీపం చూసుకొనేవారు. తొలినాళ్ళలో బ్రంటన్ తెచ్చిన బ్రిటిష్ కాపలాదారులు జపాన్ యువకులకు పని నేర్పారు. తరువాత జపాన్‌వారే ఆ పని చేశారు. చుట్టూ ప్రవాహం, ఎండకు నీడలేని రాయి, వాతావరణం చెడితే రోజుల తరబడి పడవ రాదు. వారి జీవితం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది, ఎందుకంటే మాకు ఓడ మీద కష్టమనిపించినా ప్రయాణానికి ఒక చివర ఉంటుంది. ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు, దీపం దానంతటదే వెలుగుతుంది. జపాన్ మొత్తం మీద చివరిసారిగా మనుషులు కాపలా ఉన్న లైట్‌హౌస్ నాగసాకి ప్రాంతపు మెషిమా. 2006 చివరలో అది కూడా స్వయంచాలకమైంది. నేడు దీపాల నిర్వహణ అంతా జపాన్ కోస్ట్ గార్డ్‌ది.

చూడటానికి వెళ్ళడం గురించి. దీవికి ప్రయాణికుల పడవ సర్వీసు లేదు, గోపురం లోపలికి సందర్శకులను సాధారణంగా రానివ్వరు. చేపలు పట్టేవారిని రాళ్ళ మీదికి దించే పడవలు ఆ ప్రాంతం నుంచి నడుస్తాయి. అయితే అవి అనుభవం ఉన్నవారి కోసం. సముద్రం అలవాటు లేనివారికి ఆ దిగడం, తిరిగి ఎక్కడం ప్రమాదకరం. ఇంకొక దారి స్కూబా డైవింగ్. మికోమోటో చుట్టూ నీళ్ళు సుత్తితల సొరచేపల గుంపులకు ప్రపంచవ్యాప్తంగా పేరుపొందాయి, వేసవి నుంచి శరత్కాలం దాకా డైవర్లు వస్తారు. పడవ మీద నుంచి గోపురం చాలా దగ్గరగా కనిపిస్తుంది. కానీ కురోషియో ఇక్కడ ఎంత బలంగా లాగుతుందో పైన చెప్పాను. కొత్తగా డైవింగ్ నేర్చుకొన్నవారు ఇక్కడికి రాకూడదు, మంచి సంస్థలు రానివ్వవు కూడా.

మీకు నేను సూచించేది ఇది. టోక్యో నుంచి ఒదోరికో ఎక్స్‌ప్రెస్ నేరుగా ఇజుక్యూ-షిమోదా స్టేషనుకు వెళుతుంది. యొకోహామాలో కూడా ఆగుతుంది కాబట్టి మీకు ఇంకా సులువు. షిమోదా నుంచి బస్సులో ఇరోజాకి చేరి, కొండ అంచు వెంట దారిలో చివరిదాకా నడవండి. అక్కడి నుంచి ఎడమచేతి వైపు సముద్రంలో మికోమోటో కనిపిస్తుంది. షిమోదా పక్కనే ఉన్న సుజాకి ద్వీపకల్పం మీది త్సుమెకిజాకి నుంచి కూడా చూడవచ్చు. చలికాలంలో గాలి పొడిగా ఉండి దూరం స్పష్టంగా కనబడుతుంది. వేసవిలో తేమ వల్ల పది కిలోమీటర్లే మసకబారవచ్చు. బైనాక్యులర్స్ తప్పకుండా తీసుకెళ్ళండి, నల్ల పట్టీలు వాటితోనే విడివిడిగా తెలుస్తాయి. వీలైతే ఆ రాత్రి అక్కడే ఉండి, చీకటి పడ్డాక మళ్ళీ చూడండి.

బ్రంటన్ కాలపు గోపురం లోపలికి వెళ్ళి మెట్లెక్కి చూడాలన్న కోరిక ఉంటే మికోమోటో కోసం పట్టుబట్టకండి. యామాగుచి జిల్లాలోని త్సునోషిమా 1876లో ఆయనే కట్టిన రాతి గోపురం. ఆ దీవికి 2000 నుంచి వంతెన ఉంది, గోపురం ఎక్కనిస్తారు, దాని పెద్ద ఫ్రెనెల్ కటకం (దీపపు వెలుగును ఒక్కచోట చేర్చి దూరానికి పంపే గాజు వలయాల కటకం) చూడవలసినది. యొకోహామాకు దగ్గరలో కావాలంటే చిబా జిల్లా ఇనుబోసాకికి వెళ్ళండి. 1874లో వెలిగిన ఆ గోపురం ఇటుకలతో కట్టినది. జపాన్ ఇటుకల నాణ్యత మీద బ్రంటన్‌కు నమ్మకం లేకపోయినా, స్థానికంగా కాల్చిన ఇటుకలతోనే దాన్ని కట్టారు, అది నేటికీ నిలిచి ఉంది. షిజువొకా జిల్లాలోని ఒమాయెజాకి కూడా అదే ఏడాదిది, దాన్ని కూడా ఎక్కవచ్చు. గాలి ఎక్కువగా ఉన్న రోజుల్లో ఇవన్నీ మూసివేస్తారు కాబట్టి బయలుదేరే ముందు ఆ రోజు తెరిచి ఉందో లేదో కనుక్కొని వెళ్ళండి.